ఐఈపీ ఫైలు: కాగితం మీదా, గూగుల్ షీట్‌లోనా, యాప్‌లోనా?

పోయిన నెల నా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈమధ్యే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సొంతంగా చిన్న సెంటర్ పెట్టుకుంది. ఇరవై ఇద్దరు పిల్లలు, తనతో కలిపి నలుగురు స్టాఫ్. "అక్కా, ఒక యాప్ వాళ్లొచ్చి డెమో ఇచ్చారు. గ్రాఫులూ అవీ చాలా బాగున్నాయి. ఫైళ్లన్నీ తీసేసి ఐఈపీలు ఆన్‌లైన్‌ చేసేద్దామనుకుంటున్నా. కొననా, వద్దా?" అని అడిగింది. పావుగంట మాట్లాడినా తేలలేదు. ఆమెకు చెప్పింది, చెప్పడం మర్చిపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్నతో తల పట్టుకున్న స్పెషల్ ఎడ్యుకేటర్లు, మామూలు బడుల హెడ్మాస్టర్లు, తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు.

ఐఈపీ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. అది వ్యక్తిగత విద్యా ప్రణాళిక. ఒక బిడ్డ ఇప్పుడు ఏం చేయగలడు, వచ్చే మూణ్ణెల్లలో ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, నేర్చుకున్నాడని ఎలా తెలుస్తుంది అన్నది ఆ బిడ్డ ఒక్కడి కోసమే రాసుకునే ప్లాను.

పేరుకు ఒకటే ప్లాను గానీ ఫైలు తెరిస్తే లోపల నాలుగు రకాల సరుకు ఉంటుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది), యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు), డాక్టర్ రిపోర్టులు, అసెస్‌మెంట్‌ షీట్లు ఒక రకం. ఇవి ఏళ్ల తరబడి మారవు, కానీ అవసరమైన రోజున దొరకాలి. రెండోది అసలు ప్లాను, అంటే గోల్స్ ఉన్న కాగితం. అది మూణ్ణెల్లకోసారి మారుతుంది. మూడోది రోజువారీ మార్కులు, నాలుగోది ఇంటివాళ్లతో జరిగే మాటామంతీ. ఈ నాలుగింటినీ ఒకే చోట కుక్కేయాలనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. ఒకదానికి కాగితం బాగుంటుంది, ఇంకోదానికి కంప్యూటర్ బాగుంటుంది. యాప్ అమ్మేవాళ్లు ముందుగా చూపించేది మూడోదాన్నే, రోజువారీ మార్కుల్ని. ఫోన్లో టిక్కు కొడితే గ్రాఫ్ లేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నా అనుభవంలో మాత్రం ఆన్‌లైన్‌కి అన్నిటికన్నా చివర వెళ్లాల్సింది అదే.

ఎందుకో చెబుతాను. మా దగ్గర ఏడేళ్ల బాబు ఒకడున్నాడు. ఈ మూణ్ణెల్లూ వాడి గోల్ చొక్కా గుండీలు పెట్టుకోవడం. ఐదు గుండీలు. ఒక్కో గుండీకి వాడు తనంతట తాను పెట్టాడా, చూపిస్తే పెట్టాడా, "లాగు, లాగు" అని నోటితో చెబితే పెట్టాడా, చెయ్యి పట్టుకుని పెట్టించామా అన్నది రాసుకోవాలి. మొన్నొక రోజు కింద రెండు గుండీలూ తనే పెట్టేశాడు, మూడోదానికి నేను నోటితో చెబితే చాలింది. అదివరకు ఎప్పుడూ అంత దూరం రాలేదు. ఆ సంబరంలో మార్కు వేద్దామని ఫోన్ తీశాను. వాడు ఫోన్ చూశాడు. అంతే, చొక్కా వదిలేసి చెయ్యి చాపాడు. మా పిల్లల్లో సగం మందికి ఫోన్ అంటే బహుమతి, పాటలు, బొమ్మలు. నాలుగో గుండీ ఆ రోజుకి లేదు. ఎగ్జామ్ ప్యాడ్ మీద షీటు, దారంతో కట్టిన పెన్సిల్ ఉండుంటే వాడు అటు చూసేవాడు కూడా కాదు.

మార్కు ఆ నిమిషంలోనే పడాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని యాప్‌లో కొట్టే మార్కులు అందరికీ ఒకేలా ఉంటాయి, నిజం చెప్పాలంటే సగం ఊహే. అందుకే ఏ పద్ధతి ఎంచుకునేటప్పుడైనా నేను మొదట చూసేది, పిల్లాడి పక్కన కూర్చున్నప్పుడు వాడి ధ్యాస చెదరకుండా రాయగలమా అని. రెండోది, ఆ కుటుంబం రేపు వేరే ఊరు వెళ్లిపోతే మొత్తం ఫైలు వాళ్ల చేతికి ఇవ్వగలమా అని. మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే.

కాగితం సంగతి

కాగితాన్ని తీసిపారేయకండి. కరెంటు పోయినా పనిచేస్తుంది. చదువు రాని అమ్మ కూడా వేలిముద్ర వేసి "ఇది మా పిల్లాడి ప్లాను" అనుకుంటుంది. తనిఖీకి ఎవరొచ్చినా మమ్మల్ని అడిగింది సంతకాలున్న కాగితాన్నే. సదరం క్యాంపుకి వెళ్లినా, పదో తరగతి పరీక్షల రాయితీకి అప్లై చేసినా ఒరిజినల్, దాంతో పాటు జిరాక్స్ కావాలి. సీబీఎస్‌ఈలో అర్హత ఉన్న పిల్లలకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. దానికి సర్టిఫికెట్‌ చూపించాలి కదా, ఆ కాగితం ఏ బీరువాలో ఉందో ఫారం నింపే రోజున వెతుక్కుంటే తలప్రాణం తోకకొస్తుంది.

కాగితంతో అసలు కష్టం అది ఒక్కటే కాపీ కావడం. స్పీచ్ థెరపిస్ట్ మంగళ, శుక్రవారాలే వస్తారు. ఆ రోజు ఫైలు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) గదిలో ఉంటే ఆవిడ పాత గోల్ మీదే పనిచేసి వెళ్లిపోతారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఫైళ్లు బడిలో, పిల్లలు ఇళ్లలో ఉండిపోయారు. ఏ బిడ్డకి ఏ గోల్ నడుస్తోందో టీచర్లు గుర్తున్నంతవరకు ఫోన్లో చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌ని ముంచెత్తిన వానలకు మా కింది గదిలోకి నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలో ఉన్న ఫైళ్లు నానిపోయాయి. ఆరబెట్టాక ఒకటి తెలిసింది: జెల్ పెన్నుతో రాసినవి మొత్తం కరిగి నీలం మరకలయ్యాయి, బాల్‌పెన్నుతో రాసినవి చదవడానికి వచ్చాయి. అప్పటినుంచి మా దగ్గర జెల్ పెన్ను నిషేధం.

పదిమంది లోపు పిల్లలు, ఒకరిద్దరు టీచర్లు, అందరూ ఒకే గదిలో ఉంటే కాగితమే చాలు. ప్రతి మూణ్ణెల్లకూ ఫైలు మొత్తం ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఒకచోట దాచుకోండి. ఇంతకు మించి ఖర్చు పెట్టక్కర్లేదు.

ఎవరూ లెక్కలోకి తీసుకోని వాట్సాప్

పోలికల్లో దీని పేరు కనిపించదు గానీ మనలో చాలామందికి నిజంగా నడుస్తున్న సిస్టమ్ ఇదే. నల్లగొండ దగ్గర నుంచి వారానికోసారి బస్సులో వచ్చే ఒక తల్లికి నేను పంపిన పీడీఎఫ్ ఆరు నెలలుగా తెరుచుకోలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్ పగలంతా ఆయన దగ్గర ఉంటుంది, రాత్రికి ఈమె చేతికి వస్తుంది. ఒక రోజు ప్లానంతా రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో తెలుగులో చెప్పి పంపాను: "ఈ నెల స్నానం చేయించేటప్పుడు చెంబు వాడి చేతికే ఇవ్వండి, నీళ్లు ఒంటి మీద తనే పోసుకోవాలి, ఒలికినా ఏం పర్లేదు." మర్నాడు పొద్దున్నే వాడు చెంబుతో నిలబడ్డ వీడియో వచ్చింది. పేరెంట్ లాగిన్లూ పాస్‌వర్డ్లూ ఇచ్చే పోర్టళ్లు ఈ పని చేయలేవు.

కానీ వాట్సాప్‌లో పడ్డది వెతికితే దొరకదు. టీచర్ మానేస్తే ఆ ముచ్చట్లన్నీ ఆవిడ ఫోన్‌తో పాటే వెళ్లిపోతాయి. ఇంకో ప్రమాదం గ్రూపులు. ఒక బిడ్డకి మూర్ఛ వచ్చిన సంగతి, ఐక్యూ స్కోరు, మందుల పేర్లు ముప్పైమంది ఉన్న పేరెంట్స్ గ్రూపులో పడటం నేను కళ్లారా చూశాను. పొరపాటున వేశారు, డిలీట్ చేసేలోపు అందరూ చదివేశారు. ఇంటివాళ్లతో మాట్లాడటానికి వాట్సాప్ వాడండి, ఒక్కో ఇంటితో విడివిడిగా. అందులోంచి పనికొచ్చే ఒక్క లైను తేదీ వేసి ఫైల్లో రాసుకోండి. వాట్సాప్‌నే ఫైలు చేయకండి.

గూగుల్ షీటు

పదిహేను నుంచి యాభై మంది పిల్లలున్న చాలా సెంటర్లకు నేను చెప్పేది ఇదే. ఒక్కో బిడ్డకి ఒక ఫోల్డర్, అందులో ఒక షీటు, ఆ షీటులో ప్లాను, మార్కులు, మీటింగులు అని మూడు ట్యాబులు. ఫోల్డర్‌కి బిడ్డ పేరు కాకుండా అడ్మిషన్ నంబర్ పెట్టండి. ప్రాంప్ట్ రకాలకు, అంటే ఎలాంటి సాయంతో చేశాడన్నదానికి, డ్రాప్‌డౌన్ పెడితే ఒకరు "వీపీ" (వెర్బల్ ప్రాంప్ట్) అనీ, ఇంకొకరు "నోటితో" అనీ రాయడం ఆగుతుంది. వెర్షన్ హిస్టరీ ఉంటుంది కాబట్టి గోల్ ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. తెలుగు టైపింగ్ రాదని భయపడే టీచర్లకి ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పడం చూపించండి. యాభై ఐదేళ్ల మా ఆయమ్మ రెండో రోజుకే నేర్చుకుంది.

అసెస్‌మెంట్‌కి షీటు ఇంకా మేలు. ఎండీపీఎస్ అనే అసెస్‌మెంట్ చెక్‌లిస్టులో 18 విభాగాలు, ఒక్కోదానిలో 20 అంశాలు, మొత్తం 360. చేత్తో కూడుతుంటే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. సికింద్రాబాద్‌లోని నీపిడ్ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ), నిమ్‌హెచ్ అన్న పాత పేరుతో ఉన్న రోజుల్లో తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టులో అయితే 80 శాతం దాటితే పై చెక్‌లిస్టుకి వెళ్లాలి. ఆ శాతం షీటే లెక్కగట్టి పెడుతుంది. ఎంట్రీ లెవెల్, ఆ తర్వాత ఒక్కో క్వార్టర్ పక్కపక్కన కనిపిస్తే తల్లిదండ్రులకు చూపించడమూ సులువు.

ఇక జాగ్రత్తలు. వీటిలో మొదటిది నాకు తగిలిన దెబ్బ. గతంలో నేను పనిచేసిన ఒక చోట షీట్లన్నీ ఒక టీచర్ సొంత జీమెయిల్‌లో చేశారు. ఆమె పెళ్లై వేరే ఊరు వెళ్లింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయిందని పాతవన్నీ డిలీట్ చేసుకుంది, పాపం ఆమె తప్పేం లేదు. ఓనర్ డిలీట్ చేస్తే అందరికీ పోతాయి. మాకు తెలిసేసరికి నెల దాటింది. ఫైళ్లు సెంటర్ పేరు మీదున్న అకౌంట్‌లోనే తయారు చేయాలి. ఆ అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ పెట్టాలి, రికవరీ నంబర్ యజమానిది ఉండాలి. "లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు" అన్న సెట్టింగ్ జోలికి పోవద్దు, ఎవరి ఈమెయిల్‌కి వాళ్లకే షేర్ చేయండి. ఆధార్ కాపీ దాచాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దాచండి.

కాపీ పేస్ట్ గురించి చెప్పకపోతే ఈ సెక్షన్ పూర్తవదు. ఒక పదకొండేళ్ల అమ్మాయి ఐఈపీలో "గడ్డం గీసుకోవడం, సాయంతో" అని గోల్ ఉంది. ఎవరో పెద్దబ్బాయి ప్లాన్‌లోంచి మొత్తం కాపీ చేసి పేరు మార్చారు. నవ్వుకున్నాం గానీ ఆ ప్లాను మీద ముగ్గురం సంతకాలు పెట్టామన్నది ఆ తర్వాత గమనించాం. చేత్తో రాస్తే చెయ్యి నొప్పి పుట్టి అయినా ఆగేవాళ్లం. కంప్యూటర్‌లో అయితే మూడేళ్లపాటు అవే పది గోల్స్, తేదీలు మాత్రం కొత్తవి, పిల్లాడు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మేమిప్పుడు పెట్టుకున్న పద్ధతి: కొత్త క్వార్టర్‌కి ఖాళీ షీటుతో మొదలుపెట్టాలి, పాత గోల్ మళ్లీ రాస్తే పక్కన కారణం రాయాలి.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్

అరవై మంది దాటితే, రెండు మూడు బ్రాంచీలుంటే, థెరపిస్టులు అటూ ఇటూ తిరుగుతుంటే షీట్లు చేతికి అందవు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌కి అర్థముంది. రివ్యూ తేదీ దగ్గరపడితే అది గుర్తు చేస్తుంది, ఎవరికి ఏ పేజీ కనిపించాలో విడగొడుతుంది, ఒకే బిడ్డ స్పీచ్, ఓటీ, క్లాస్‌రూమ్ గోల్స్ ఒకచోట చూపిస్తుంది.

కానీ ఈ రకం సాఫ్ట్‌వేర్లు చాలావరకు అమెరికా చట్టానికి తగ్గట్టు తయారైనవి. అక్కడి ఫారాల గళ్లు మనకు అక్కర్లేదు, మన ఎఫ్‌ఏసీపీకి వాటిలో గడి ఉండదు. గోల్ బ్యాంక్ అని రెడీమేడ్ గోల్స్ ఇస్తారు. నాకు చూపించిన ఒక దాంట్లో "డిష్‌వాషర్‌లో ప్లేట్లు సర్దడం" ఉంది. మన పిల్లలకు కావాల్సింది తిన్న కంచం తీసి సింకులో పెట్టడం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఆటోలో చిల్లర లెక్కచూసుకోవడం.

డెమోకి మీరు ఉత్త చేతులతో కూర్చోకండి. మీ దగ్గరున్న అన్నిటికన్నా లావు ఫైలు తీసి, పేరు కప్పేసి, "ఇది ఎక్కించి చూపించండి" అనండి. తర్వాత మీ స్టాఫ్‌లో ఫోన్ అంటే భయపడే ఒకరిని పిలిచి ఒక మార్కు వేయించండి. సేల్స్ అతని మొహం అప్పుడు చూడాలి. నెట్ ఆపి మళ్లీ ప్రయత్నించండి. గోల్ తెలుగులో రాస్తే ప్రింట్‌లో అక్షరాలు సరిగ్గా వస్తున్నాయా, ఒత్తులు విడిపోతున్నాయా చూడండి. రేటు బిడ్డకా, టీచర్‌కా, బ్రాంచికా? డబ్బు కట్టడం ఆపేస్తే మా డేటా ఎన్ని రోజులుంటుంది? మొత్తం ఎక్సెల్‌లో, పీడీఎఫ్‌లో ఒకేసారి దించుకోవచ్చా? ఈ చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే అక్కడితో టీ ఇచ్చి పంపించేయండి.

పెద్ద కంపెనీ కదా, భద్రంగా ఉంటుందనుకోవడం కూడా తప్పే. అమెరికాలో బడులకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే పవర్‌స్కూల్ కంపెనీలోకి 2024 డిసెంబరులో చొరబాటుదారులు దొంగిలించిన పాస్‌వర్డ్‌తోనే దూరి పిల్లల వివరాలు ఎత్తుకుపోయారు. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. అడ్మిషన్ రోజునే తెలుగులో ఒక పేజీ కాగితం పెట్టుకోండి: ఏ వివరాలు తీసుకుంటున్నాం, ఎవరెవరు చూస్తారు, వీడియోలు ఎప్పుడు తీసేస్తాం. గబగబా సంతకం పెట్టించేయకుండా చదివి వినిపించి పెట్టించండి.

సర్కారు బడులు, భవిత కేంద్రాలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్‌పీల (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల) కష్టం వేరు. వాళ్లు ఇప్పటికే అడిగిన వివరాలన్నీ ప్రభుత్వ యాప్‌లలో ఎక్కిస్తున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ ఉంది గదా అంటారు కొందరు. అది 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఏదైనా ఉండొచ్చా అని బడిలో మొదట గమనించడానికి పనికొచ్చే చెక్‌లిస్టు. అది ప్లాను కాదు, వైకల్య నిర్ధారణ కూడా కాదు. వీళ్ల మీద ఇంకో యాప్ రుద్దితే పిల్లలతో గడిపే సమయమే తగ్గుతుంది. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లే ఊళ్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి గూగుల్ ఫారం తెరుచుకోదు. అలాంటి చోట నెట్ లేకుండా నింపి తర్వాత పంపే కోబో లాంటి ఫారాలు నయం, లేదంటే షీటుని ముందే ఆఫ్‌లైన్‌కి దించుకుని వెళ్లాలి. నన్నడిగితే వాళ్లకి ప్యాడూ, పెన్సిలూ, నెలకోసారి స్కానూ చాలు.

మామూలు ప్రైవేటు బడిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకే ఐఈపీ ఉంటే సాఫ్ట్‌వేర్ ఊసే వద్దు. అక్కడ కావాల్సింది ఒకే పేజీ: ఈ బిడ్డని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, ప్రశ్న రెండుసార్లు చదవాలి, రాతకి బదులు నోటితో అడగొచ్చు, ఏడిస్తే ఏం చేయాలి. లెక్కల మాస్టారు, పీఈటీ, సబ్‌స్టిట్యూట్ టీచర్, అందరికీ ఆ పేజీ అందాలి. షేర్ చేసిన ఒక డాక్యుమెంట్, స్టాఫ్ రూమ్ బీరువాలో ఒక ప్రింట్. గోడకు మాత్రం అంటించకండి, బిడ్డ పేరు అందరికీ కనబడేలా.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి

అక్కడ మీకు ఎంచుకునే పని లేదు, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్టే తేలుస్తుంది. ఐడియా అనే అక్కడి ప్రత్యేక విద్యా చట్టం కింద ఐఈపీని ఏడాదికోసారైనా రివ్యూ చేయాలి, మూడేళ్లకోసారైనా మళ్లీ మూల్యాంకనం ఉంటుంది, వద్దని ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప. ఐఈపీ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీటింగ్‌లో అమ్మకో నాన్నకో ఇంగ్లిష్ అర్థం కాకపోతే దుబాసీని బడే ఏర్పాటు చేయాలి, మొహమాటపడకుండా అడగండి. పోర్టల్‌లో ఈ-సైన్ పెట్టమని వస్తే రాత్రికి రాత్రి నొక్కేయకండి, దించుకుని చదివాకే పెట్టండి. ఇండియాకి వచ్చేసే ఆలోచన ఉంటే బడి మానకముందే ఐఈపీ, ఎవాల్యుయేషన్ రిపోర్టులు, ప్రోగ్రెస్ రిపోర్టులు అన్నీ పీడీఎఫ్‌గా దించుకోండి. మానేశాక లాగిన్ పోతే, అర్ధరాత్రి ఇక్కడినుంచి అక్కడి ఆఫీసుకి ఈమెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. అలా వచ్చిన పిల్లలిద్దరిని చేర్చుకున్నాం. ఒకరి ఫైలు పెన్‌డ్రైవ్‌లో చక్కగా వచ్చింది. రెండోవాళ్లకి అంతా మొదటినుంచే, మూణ్ణెల్లు అసెస్‌మెంట్‌కే పోయాయి.

మారాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి

పాత ఫైళ్లన్నీ ఎక్కించే పని పెట్టుకోకండి. ఆ పని సగంలో ఆగిపోయిన సెంటర్లు నాకు తెలుసు, అటు కాగితమూ లేదు, ఇటు కంప్యూటరూ లేదు. పాతవి స్కాన్ చేసి పక్కన పెట్టండి. జూన్‌లో కొత్త క్వార్టర్ ప్లానులు మాత్రం ఆన్‌లైన్‌లో రాయండి. రోజువారీ మార్కులు ప్యాడ్ మీదే. పిల్లలు వెళ్లాక పది నిమిషాలు అందరూ కూర్చుని ఆ రోజు మార్కులు షీటులోకి ఎక్కించాలి, ఆ పది నిమిషాలు డ్యూటీ టైములోనే ఉండాలి. ఇంటికెళ్లి చేయమంటే వారం సాగుతుంది. క్వార్టర్ చివర ప్లాను ప్రింట్ తీసి, అమ్మానాన్నల సంతకం పెట్టించి, ట్యాగు వేసి ఫైల్లో పెట్టండి. ఒక క్వార్టర్ ఇలా రెండూ నడిచాక యాప్ కావాలో వద్దో మీ స్టాఫే చెబుతారు.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ ఫోన్ చేసింది. ఒక లేజర్ ప్రింటర్, ఆరు ఎగ్జామ్ ప్యాడ్లు కొన్నదట. పెన్సిళ్లకు కట్టిన దారం పిల్లలు నములుతున్నారు, దానికేం చేయాలని అడిగింది.